అబ్బాయికి ఫ్రటర్నిటీ నుంచి బిడ్ వచ్చింది. యూనివర్సిటీ పర్యవేక్షణను ఎంతవరకు నమ్మొచ్చు?

గుంటూరు_నాన్న | జనవరి 24, ఉదయం 8:10

అందరికీ నమస్కారం. మేం న్యూజెర్సీలో ఉంటాం. మా అబ్బాయి వేరే రాష్ట్రంలో ఒక పెద్ద స్టేట్ యూనివర్సిటీలో మొదటి సంవత్సరం చదువుతున్నాడు. నిన్న రాత్రి ఫోన్ చేసి "నాన్నా, బిడ్ వచ్చింది, వచ్చే శుక్రవారంలోపు సంతకం పెట్టాలి" అన్నాడు. ఫ్రటర్నిటీ అంటే కాలేజీ అబ్బాయిలు సభ్యులుగా చేరే సంఘం, రష్ అంటే చేరాలనుకునేవాళ్లు ఆ సంఘాల ఇళ్లన్నీ తిరిగి చూసే వారం, బిడ్ అంటే "మాలో చేరు" అని వాళ్లిచ్చే పిలుపు అని వాడే చెప్పాడు.

నేను ఇక్కడికి ఎమ్మెస్‌కు వచ్చినవాణ్ణి. మా రోజుల్లో ఫ్రటర్నిటీ అంటే బస్సులోంచి కనపడే పెద్ద ఇల్లు, దాని మీద మూడు గ్రీకు అక్షరాలు. లోపల ఏం జరుగుతుందో మనకు సంబంధం లేని విషయం. ఇప్పుడు సంబంధం వచ్చింది.

వాడి మాట ఒక్కటే: "యూనివర్సిటీ వాళ్ల పర్యవేక్షణ ఉంది నాన్నా, రూల్స్ చాలా స్ట్రిక్ట్." వెబ్‌సైట్ మొత్తం చదివాను. హేజింగ్ మీద, అంటే కొత్తగా చేరేవాళ్లను పరీక్షల పేరుతో వేధించడం మీద, జీరో టాలరెన్స్ అని నాలుగు చోట్ల ఉంది. ఆ ఇంటికి ఎవరు వెళ్తారు, ఎప్పుడు వెళ్తారు, తప్పు దొరికితే ఎవరు విచారిస్తారు అన్నది మాత్రం ఎంత వెతికినా దొరకలేదు. తెలిసినవాళ్లు కాస్త చెప్పండి. రాత్రి నుంచి మా ఆవిడకు, నాకు ఇద్దరికీ టెన్షన్‌గా ఉంది.

డల్లాస్_రమేష్ | ఉదయం 8:45

అన్నా, ఒక్కటే మాట. వద్దని చెప్పెయ్. చదువుకోవడానికి పంపాం. తాగి మెట్ల మీద నుంచి పడటానికి కాదు.

శ్రావణి_ఆస్టిన్ | ఉదయం 9:30

రమేష్ గారూ, అంత తేలిగ్గా తీసిపారేయకండి. నేను కాలేజీలో ఉన్నప్పుడు దక్షిణాసియా అమ్మాయిల సొరోరిటీలో సభ్యురాలిని. నా పెళ్లిలో తలంబ్రాల బియ్యం కలిపింది, నాన్నకు బైపాస్ అయినప్పుడు రాత్రంతా ఆస్పత్రిలో కూర్చుంది ఆ స్నేహితులే.

గుంటూరు అంకుల్, ముందు ఒకటి కనుక్కోండి. మీవాడికి పిలుపు వచ్చింది ఏ రకం ఫ్రటర్నిటీ నుంచి? అన్నీ ఒకటి కాదు. పెద్ద ఇళ్లు, పెద్ద పార్టీలు ఉండేవి చాలావరకు ఇంటర్‌ఫ్రటర్నిటీ కౌన్సిల్ కిందకు వస్తాయి. అమ్మాయిలవి పాన్‌హెలెనిక్ కిందకు. నల్లజాతివారి తొమ్మిది చారిత్రక సంస్థలకు వేరే కౌన్సిల్ ఉంది. మనవాళ్లు పెట్టుకున్నవి బహుళ సంస్కృతుల కౌన్సిల్ కింద ఉంటాయి. 1994లో బింగ్‌హామ్టన్‌లో మొదలైన అయోటా ను డెల్టా, 1998లో ఆస్టిన్‌లో మొదలైన కప్పా ఫై గామా, డెల్టా ఎప్సిలాన్ సై లాంటివి ఈ రకం. వీటిలో చాలావాటికి ఇల్లే ఉండదు. ఇల్లు లేకపోతే తలనొప్పి సగం తగ్గుతుంది.

గుంటూరు_నాన్న | ఉదయం 9:52

ఇల్లున్నదేనమ్మా. మూడంతస్తులు. ఫోటో పంపాడు.

విజయ_ఫిలడెల్ఫియా | ఉదయం 11:20

గుంటూరు గారూ, నేను పెన్సిల్వేనియాలో ఉంటాను. మా ఇంటి నుంచి ఇద్దరు పిల్లలు ఈ రాష్ట్రంలోనే చదివారు. ఈ విషయం ఇక్కడి తల్లిదండ్రులకు పుస్తకంలో పాఠం కాదు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

2017 ఫిబ్రవరి 2 రాత్రి, పెన్ స్టేట్ యూనివర్సిటీలో బీటా థీటా పై ఇంట్లో కొత్తగా బిడ్ ఒప్పుకున్న పిల్లలకు స్వాగతం పలికారు. ఆ పిల్లల్లో టిమతీ పియాజా ఒకడు. 19 ఏళ్లు, రెండో సంవత్సరం. వరసగా నిలబెట్టి ఒక్కో చోట ఒక్కో మందు తాగించారు. 82 నిమిషాల్లో 18 సార్లు తాగించారని తర్వాత వీడియో చూసిన పోలీసులు లెక్క తేల్చారు. ఆ పిల్లాడు బేస్‌మెంట్ మెట్ల మీద నుంచి పడ్డాడు. ఎత్తుకొచ్చి సోఫా మీద పడుకోబెట్టారు. లేచి మళ్లీ పడ్డాడు. అంబులెన్స్‌కు ఫోన్ చేసింది మరుసటి ఉదయం, దాదాపు 12 గంటల తర్వాత. ఫిబ్రవరి 4న చనిపోయాడు.

ఇప్పుడు మీ ప్రశ్నకు వస్తాను. ఆ ఇల్లు నియమాల ప్రకారం మద్యం లేని ఇల్లు. ఇంటి నిండా సెక్యూరిటీ కెమెరాలు ఉన్నాయి. రాత్రంతా ఆ కెమెరాలు అన్నీ రికార్డు చేశాయి, ఒక్కరూ చూడలేదు. యూనివర్సిటీ దృష్టిలో అది మంచి పేరున్న ఇల్లు. కాగితం మీద నియమం, గోడ మీద కెమెరా, రెండూ ఉండి కూడా ఒక పిల్లాడు తెల్లారేదాకా అలా పడి ఉన్నాడు. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ నాకు చేయి ఆడదు.

అంతకుముందు అక్కడ పద్ధతి ఏమిటంటే, ఫ్రటర్నిటీల తప్పులను ఫ్రటర్నిటీల కౌన్సిలే చూసుకునేది. విద్యార్థులే విద్యార్థులను విచారించేవారు. 2017 జూన్‌లో ట్రస్టీలు ఆ పద్ధతిని ఎత్తేశారు. విచారణ, శిక్ష యూనివర్సిటీ చేతికి వచ్చాయి. మందు ఉండే పార్టీలు ఒక్కో చాప్టర్‌కు, అంటే క్యాంపస్‌లోని ఒక్కో ఫ్రటర్నిటీ శాఖకు, సెమిస్టర్‌కు 45 దాకా ఉండగా 10కి కుదించారు. పీపాలు నిషేధం. బీరు, వైను తప్ప వేరేది ఇవ్వకూడదు. ఇచ్చేవాళ్లు శిక్షణ పొందినవాళ్లయి ఉండాలి. రోజంతా సాగే పార్టీలు లేవు. మొదటి సంవత్సరం పిల్లలను ఫాల్ సెమిస్టర్‌లో చేర్చుకోకూడదు, స్ప్రింగ్ దాకా ఆగాలి. యూనివర్సిటీ ఉద్యోగులు చెప్పకుండా వచ్చి తనిఖీ చేస్తారు. ప్రతి చాప్టర్‌కు మార్కుల పత్రం లాంటిది బయటపెడతారు. ఆ బీటా చాప్టర్‌ను అంతకుముందే, మార్చిలో, శాశ్వతంగా మూసేశారు.

మీ యూనివర్సిటీ వెబ్‌సైట్‌ను ఈ పట్టికతో పోల్చి చూసుకోండి. ఇందులో ఎన్ని ఉన్నాయి? ఎన్ని లేవు?

కార్తీక్_జూనియర్ | మధ్యాహ్నం 12:40

నమస్తే అందరికీ. నేను మూడో సంవత్సరం విద్యార్థిని, ఒక ఫ్రటర్నిటీ సభ్యుణ్ణి. యూనివర్సిటీ పేరు చెప్పను. అమ్మానాన్నలు మాట్లాడుకుంటున్న చోట నా వైపు నుంచి కూడా కొంచెం వినండి.

విజయ ఆంటీ రాసిన రూల్స్ లాంటివే మా దగ్గరా ఉన్నాయి. తనిఖీకి వచ్చేవాళ్లు గురు, శుక్ర, శనివారాల రాత్రి వస్తారు. తలుపు దగ్గర గెస్ట్ లిస్టు చూస్తారు, చేతికి వేసిన బ్యాండ్లు చూస్తారు, కింద ఒకసారి తిరిగి వెళ్తారు. అది నిజంగా పని చేస్తుంది. రిజిస్టర్ చేసిన పార్టీలో ఎవరూ పిచ్చి పనులు చేయరు.

కానీ భయపడాల్సింది ఆ పార్టీ గురించి కాదు. ముగ్గురు నలుగురు సీనియర్లు అద్దెకు తీసుకున్న ఇల్లు ఉంటుంది, చాప్టర్ హౌస్‌కు రెండు వీధుల అవతల. దానికి గ్రీకు అక్షరాలు ఉండవు, ఏ లిస్టులోనూ ఉండదు. బిగ్-లిటిల్ రాత్రి, అంటే కొత్తవాడికి ఒక సీనియర్‌ను అన్నగా అప్పజెప్పే రాత్రి, అక్కడ జరుగుతుంది. నన్ను కూడా ఒక రాత్రి అక్కడికి తీసుకెళ్లారు. ఒక బాటిల్ ఇచ్చి "ఇది మన ఫ్యామిలీ బాటిల్" అన్నారు. నేను సగంలో ఆపేశాను, ఎవరూ బలవంతం చేయలేదు. నా పక్కనున్నవాడు ఆపలేదు. వాడిని బాత్రూమ్‌లో ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి తెల్లారేదాకా ఊపిరి చూస్తూ కూర్చున్నాను. 911కి ఫోన్ చేయాలని మూడుసార్లు ఫోన్ తీశాను. చాప్టర్ పోతుందని చేయలేదు. వాడు బతికాడు. బతికాడు కాబట్టి ఈ సంగతి ఏ రిపోర్టులోనూ లేదు.

ఇప్పుడు చాప్టర్‌లో కొత్త పిల్లల బాధ్యత నాదే. ఆ బాటిల్ పద్ధతి ఆపించాను. ఫ్రటర్నిటీ వల్ల నాకు ఇంటర్న్‌షిప్ వచ్చింది, అన్నదమ్ముల్లాంటి స్నేహితులు వచ్చారు. అయినా ఆ రాత్రి ఫోన్ చేయకపోవడం తప్పే.

విజయ_ఫిలడెల్ఫియా | మధ్యాహ్నం 1:05

కార్తీక్ బాబూ, చెప్పినందుకు సంతోషం. ఒక్క విషయం బాగా గుర్తుపెట్టుకో. పెన్సిల్వేనియాతో పాటు చాలా రాష్ట్రాల్లో, సాయం కోసం ఫోన్ చేసి అక్కడే ఉన్నవాడిని మైనర్ డ్రింకింగ్ (21 ఏళ్లలోపు తాగడం) కేసు నుంచి చట్టం కాపాడుతుంది. నువ్వు ఉన్న రాష్ట్రంలో ఎలా ఉందో ఇవాళే చూసి, నీ కింద ఉన్న పిల్లలందరికీ చెప్పు.

క్యాంపస్_ఉద్యోగి | మధ్యాహ్నం 3:30

నేను పదేళ్లుగా విద్యార్థి వ్యవహారాల్లో పని చేస్తున్నాను. అందులో నాలుగేళ్లు ఒక యూనివర్సిటీ గ్రీక్ లైఫ్ ఆఫీసులో, అంటే ఫ్రటర్నిటీలు, సొరోరిటీల వ్యవహారాలు చూసే ఆఫీసులో. గుంటూరు గారు అడిగింది సరైన ప్రశ్న. జీరో టాలరెన్స్ అనే మాట రాయడం ఎవరికైనా తేలిక. అసలు ఆ ఆఫీసు చేతిలో ఏముందో చెప్తాను.

మొదటిది, ఇల్లు యూనివర్సిటీది కాదు. చాలా చోట్ల అది పాత విద్యార్థులు పెట్టుకున్న హౌసింగ్ కార్పొరేషన్ ఆస్తి, క్యాంపస్ బయట ఉంటుంది. అనుమతి లేకుండా మేం లోపలికి వెళ్లలేం. వెళ్లగలుగుతున్నామంటే "గుర్తింపు" అనే ఒప్పందం వల్ల. చాప్టర్‌కు మేం గుర్తింపు ఇస్తాం: క్యాంపస్‌లో రష్ పెట్టుకోవచ్చు, గదులు వాడుకోవచ్చు, యూనివర్సిటీ పేరు చెప్పుకోవచ్చు. బదులుగా వాళ్లు మా నియమాలకు ఒప్పుకుంటారు. మా బలమంతా ఆ ఒక్క కాగితంలోనే ఉంది. దాన్ని చించేస్తే వాళ్లు మామూలు అద్దె ఇంట్లో ఉన్న కుర్రాళ్లు, మేం వీధిలో నిలబడ్డ మనుషులం.

అందుకే రమేష్ గారి లాంటివాళ్లు "మొత్తం నిషేధించండి" అన్నప్పుడు నాకు కొలరాడో గుర్తొస్తుంది. బోల్డర్‌లో 2004లో గోర్డీ బెయిలీ అనే 18 ఏళ్ల కుర్రాడు ఫ్రటర్నిటీ ఇంట్లో అతిగా తాగించడం వల్ల చనిపోయాడు. యూనివర్సిటీ కఠినమైన ఒప్పందం ముందు పెట్టింది. ఫ్రటర్నిటీలు సంతకం పెట్టలేదు. 2005లో విడిపోయి తమ కౌన్సిల్ తామే నడుపుకున్నాయి. ఇళ్లు అక్కడే, పార్టీలు అక్కడే, యూనివర్సిటీకి మాత్రం మాట చెల్లే హక్కు పోయింది. 2021లో డ్యూక్ యూనివర్సిటీలో కూడా కొన్ని చాప్టర్లు ఇలాగే బయటికి వెళ్లిపోయాయి.

చిన్న ప్రైవేటు కాలేజీలు మూసేయగలిగాయి. విలియమ్స్ 1960ల్లో, కోల్బీ 1984లో మూసేశాయి. అక్కడ పిల్లలందరికీ క్యాంపస్‌లోనే గదులు ఇవ్వగలరు. 40 వేల మంది ఉన్న స్టేట్ యూనివర్సిటీకి అది కుదరదు. పైగా ప్రభుత్వ సంస్థ కాబట్టి సంఘం పెట్టుకునే రాజ్యాంగ హక్కు అడ్డొస్తుంది. హార్వర్డ్ అంతటిది కూడా 2016లో ఇలాంటి క్లబ్బుల సభ్యులకు నాయకత్వ పదవులు ఇవ్వబోమని రూల్ పెట్టి, కోర్టు కేసుల తర్వాత 2020లో వెనక్కి తీసుకుంది.

రెండోది, నా మనసులో మాట. మా ఆఫీసులో ముగ్గురం ఉండేవాళ్లం. చాప్టర్లు నలభైకి పైగా. పగలు వాళ్లకు సలహాలిచ్చే స్నేహితులం, రాత్రి తనిఖీ చేసే పోలీసులం. రెండు పనులూ ఒకే మనిషి చేస్తే రెండూ సరిగా జరగవు. నాకు పిల్లలు నిజం చెప్పడం మానేసింది నేను మొదటి రిపోర్టు రాసిన వారమే. అందుకని మీరు అడగాల్సింది: తనిఖీ చేసేవాళ్లు వేరు, విచారించేవాళ్లు వేరు, సలహా ఇచ్చేవాళ్లు వేరుగా ఉన్నారా? అలా ఉన్న యూనివర్సిటీని నేను నమ్ముతాను. ఒకే మెయిల్ ఐడీ అన్నిటికీ ఉంటే నమ్మను.

ఇంకో సంగతి, మన తల్లిదండ్రులకు ఎవరూ చెప్పరు. ఫ్రటర్నిటీ ఇన్సూరెన్స్‌లో చాలాసార్లు ఒక షరతు ఉంటుంది: నియమం తప్పిన సభ్యుడికి రక్షణ వర్తించదు అని. దావా పడితే అతని తరఫున లాయర్ ఖర్చు అతని కుటుంబం మీద పడుతుంది. అమ్మానాన్నల హోమ్ ఓనర్స్ పాలసీ (ఇంటి బీమా) దాకా కేసులు వచ్చిన సందర్భాలు ఉన్నాయి. చేరేముందు పెట్టే సంతకం ఏ కాగితం మీద పెడుతున్నారో చదవమనండి.

డల్లాస్_రమేష్ | సాయంత్రం 4:15

హోమ్ ఓనర్స్ పాలసీ సంగతి నిజంగా తెలియదండీ. మా పెద్దాడు వచ్చే ఏడాది కాలేజీకి. కృతజ్ఞతలు. నిషేధం గురించి నా అభిప్రాయం మాత్రం మారలేదు.

ఓరుగల్లు_మాస్టారు | జనవరి 25, ఉదయం 6:30

హనుమకొండ నుంచి రాస్తున్నాను. ముప్పై నాలుగేళ్లు ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరయ్యాను. యాంటీ ర్యాగింగ్ కమిటీలో తొమ్మిదేళ్లు ఉన్నాను. ఇక్కడ అందరూ హేజింగ్ అంటే ర్యాగింగ్ అని అనుకుంటున్నట్టుంది. దగ్గరి చుట్టాలే గాని ఒకటి కాదు.

ర్యాగింగ్‌లో జూనియర్‌కు ఎంపిక లేదు. అడ్మిషన్ తీసుకోవడమే వాడి నేరం. హేజింగ్‌లో పిల్లవాడు కోరి వెళ్తాడు, "చేర్చుకోండి" అని అడుగుతాడు. అందుకే తనకేదైనా జరిగితే తప్పు తనదే అనుకుని నోరు మూసుకుంటాడు. కమిటీలో కూర్చున్నప్పుడు నా ముందుకొచ్చిన పిల్లలు ఏడ్చేవారు, కోపంగా మాట్లాడేవారు. ఆ కార్తీక్ అనే అబ్బాయి రాసింది చదివితే, కోరి వెళ్లినవాడి మౌనం ఎంత బలమైనదో అర్థమైంది.

చట్టం మాటకొస్తే మనమూ వెనకబడి లేం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ర్యాగింగ్ నిషేధ చట్టం 1997లోనే వచ్చింది. ఆరు నెలల నుంచి, ప్రాణం పోతే యావజ్జీవం దాకా శిక్షలున్నాయి. నాకు ముఖ్యంగా నచ్చేది వేరే సెక్షన్. ఫిర్యాదు వచ్చినా చర్య తీసుకోని ప్రిన్సిపాల్‌ను ఆ నేరానికి సహకరించినవాడిగానే చట్టం చూస్తుంది. 2009లో హిమాచల్‌లో అమన్ కచ్రూ అనే మెడికల్ విద్యార్థి సీనియర్ల దెబ్బలకు చనిపోయాక యూజీసీ నిబంధనలు, 1800-180-5522 హెల్ప్‌లైన్, ఏటా పిల్లలూ తల్లిదండ్రులూ ఇచ్చే హామీ పత్రాలు వచ్చాయి.

కానీ ఆ హామీ పత్రాలు కట్టలు కట్టి బీరువాలో పెట్టిన చేతులు నావి. అర్ధరాత్రి హాస్టల్ కారిడార్‌లో నడిచిన వార్డెన్ ఉన్న ఏడాది ర్యాగింగ్ తగ్గింది. ఆయన బదిలీ అయిన ఏడాది మళ్లీ మొదలైంది. అదే చట్టం, అవే పత్రాలు.

అమెరికా చట్టంలో యూనివర్సిటీ అధికారి బాధ్యత సంగతేమిటి? ఎవరైనా చెప్పగలరా?

విజయ_ఫిలడెల్ఫియా | జనవరి 25, ఉదయం 10:10

మాస్టారూ, నమస్కారం. మా రాష్ట్రంలో పియాజా పేరు మీదే 2018 అక్టోబర్ 19న గవర్నర్ టామ్ వుల్ఫ్ సంతకంతో చట్టం వచ్చింది. తీవ్రమైన గాయం గాని, చావు గాని జరిగితే ఫెలనీ, అంటే తీవ్రమైన నేరం. "వాడే ఒప్పుకుని తాగాడు" అనే వాదన చెల్లదు. మీరన్న కోరి వెళ్లినవాడి సమస్యకు చట్టం ఇచ్చిన జవాబు అదే. చాప్టర్ మీద నేరం రుజువైతే ఇల్లు జప్తు చేసే వీలుంది. కాలేజీ ఏడాదికి రెండుసార్లు హేజింగ్ రిపోర్టు బయటపెట్టాలి. అధికారిని నేరంలో భాగస్వామిగా చూసే సెక్షన్ మాత్రం మీ 1997 చట్టంలో ఉన్నంత సూటిగా ఇక్కడ లేదు. ఇక్కడ సాధారణంగా కుటుంబం సివిల్ కోర్టుకు వెళ్లాలి.

ఆ కేసు ఎంతకాలం సాగిందో చూడండి. 2017లో చావు. చాప్టర్‌ను నడిపిన ఇద్దరు మాజీ సభ్యులకు 2024 అక్టోబర్‌లో పడిన శిక్ష రెండు నుంచి నాలుగు నెలల జైలు. ఏడున్నరేళ్లు ఆ తల్లిదండ్రులు కోర్టుకు తిరిగారు. ఆ తల్లిదండ్రులే మరోవైపు వేరే రాష్ట్రాల్లో పిల్లల్ని పోగొట్టుకున్నవాళ్లతో కలిసి కేంద్ర చట్టం కోసం తిరిగారు. లూసియానాలో చదివిన మ్యాక్స్ గ్రూవర్ వాళ్ల కుటుంబం కూడా అందులో ఉంది. ఆ అబ్బాయి 2017 సెప్టెంబర్‌లోనే చనిపోయాడు. పియాజా సంగతి దేశమంతా టీవీల్లో మోగిన ఏడాదే.

ఆ కేంద్ర చట్టం 2024 డిసెంబర్ 23న వచ్చింది, స్టాప్ క్యాంపస్ హేజింగ్ యాక్ట్. దాని ప్రకారం ప్రతి యూనివర్సిటీ హేజింగ్ లెక్కలు తీయాలి. తప్పు రుజువైన సంఘం పేరు, ఏం చేశారు, మందు ఉందా, ఏ శిక్ష వేశారు, తేదీలతో సహా వెబ్‌సైట్‌లో పెట్టాలి. గుంటూరు గారూ, మొదటి రిపోర్టులకు గడువు 2025 డిసెంబర్ 23. అంటే మీవాడి యూనివర్సిటీది ఇప్పటికి ఉండాలి. మీరు చదివిన జీరో టాలరెన్స్ పేజీ పక్కన పెట్టి ఇది వెతకండి.

క్యాంపస్_ఉద్యోగి | జనవరి 25, ఉదయం 10:55

విజయ గారు చెప్పింది అక్షరాలా నిజం. ఒక్క జాగ్రత్త. పేజీలో చాప్టర్ పేరు లేకపోతే మంచిదని అనుకోకండి. ఆ రిపోర్టులో వచ్చేది విచారణ పూర్తయి, తప్పు రుజువైనవి మాత్రమే. ఇంకా విచారణలో ఉన్నవి రావు. యూనివర్సిటీ గుర్తింపు లేని గుంపులు కూడా అందులోకి రావు. పాత చాప్టర్ గుర్తింపు పోయి, అదే కుర్రాళ్లు వేరే పేరుతో అదే వీధిలో ఉంటే మీకు కనపడరు. అందుకని రెండు వెతకాలి: తప్పుల జాబితా, గుర్తింపు ఉన్న చాప్టర్ల జాబితా. రెండో దాంట్లో పేరు లేకపోతే ఆ గడప తొక్కవద్దని చెప్పండి. నేను ఎవరికైనా ఇంత గట్టిగా చెప్పేది ఆ ఒక్క మాటే.

నల్గొండ_సుధ | జనవరి 25, మధ్యాహ్నం 1:20

శ్రావణి గారూ, మీరు మనవాళ్ల సంస్థల గురించి చెప్పారు. మా చుట్టాలబ్బాయి ఒకడు "ఇది ఏషియన్స్ ఫ్రటర్నిటీ, ఇందులో తాగుడు ఉండదు" అని చేరాడు. నిజంగానే తాగుడు లేదు. కానీ చేరిన రెండో నెలలో మోకాళ్ల మీద చర్మం లేచిపోయి ఇంటికొచ్చాడు. ఫుట్‌బాల్ ఆడానన్నాడు. వాళ్లమ్మ నమ్మింది. నేను నమ్మలేదు.

శ్రావణి_ఆస్టిన్ | జనవరి 25, మధ్యాహ్నం 2:45

సుధ గారూ, మీ మాట చదివాక చాలాసేపు ఏం రాయాలో తోచలేదు.

నిన్న నేను ఇల్లు లేకపోతే సగం తలనొప్పి తగ్గుతుందని రాశాను. అది పూర్తి నిజం కాదు. 2013 డిసెంబర్‌లో న్యూయార్క్ బరూక్ కాలేజీలో చదివే మైకేల్ డెంగ్‌ను పై డెల్టా సై అనే ఏషియన్ అమెరికన్ ఫ్రటర్నిటీ వాళ్లు పెన్సిల్వేనియా పోకనో కొండల్లో అద్దె ఇంటికి తీసుకెళ్లారు. కళ్లకు గంతలు కట్టి, వీపు మీద ఇసుక నింపిన బ్యాగ్ వేసి, గడ్డకట్టిన నేల మీద నడిపిస్తూ మీద పడి తోశారు. తలకు దెబ్బ తగిలింది. ఆస్పత్రికి తీసుకెళ్లడంలో ఆలస్యం చేశారు. ఆ సంస్థనే కోర్టు దోషిగా తేల్చి, 2018లో పదేళ్లపాటు ఆ రాష్ట్రంలో ఉండకూడదని తీర్పిచ్చింది. అక్కడ సమస్య మందు కాదు, "మన జాతి కష్టాలు తెలియాలి" అనే పేరుతో చేసిన తంతు.

మా సొరోరిటీలో కూడా తిండి, నిద్ర లేకుండా చరిత్ర బట్టీ పట్టించేవాళ్లు. రాత్రి రెండింటికి వరసగా నిలబెట్టి అడిగేవాళ్లు. తప్పు చెబితే అందరూ మళ్లీ మొదటి నుంచి. నేను దాన్ని క్రమశిక్షణ అనుకున్నాను. తర్వాతి ఏడాది నేనే నిలబెట్టాను. ఒకమ్మాయి కళ్లు తిరిగి పడిపోయింది. నీళ్లిచ్చి కూర్చోబెట్టి, "సాయంత్రం తినలేదా" అని నేను ఆమెనే తిట్టాను. ఈ మాట ఇన్నేళ్లలో ఎవరితోనూ చెప్పలేదు. యూనివర్సిటీ వాళ్లు మమ్మల్ని ఎప్పుడూ తనిఖీ చేయలేదు. ఇల్లు లేదు కదా, ఎక్కడికి వస్తారు?

స్నేహాలు నిజం. ఆ రాత్రులూ నిజం. అంకుల్, మీవాడిని మందు గురించి ఒక్కటే అడగకండి. నిద్ర గురించి అడగండి.

ఓరుగల్లు_మాస్టారు | జనవరి 25, రాత్రి 8:15

అమ్మా శ్రావణీ, చెప్పడానికి ధైర్యం కావాలి. చల్లగా ఉండు.

గుంటూరు_నాన్న | జనవరి 26, రాత్రి 10:30

అందరికీ పేరు పేరునా కృతజ్ఞతలు. ఇవాళ ఆఫీసుకు సెలవు పెట్టి మీరు చెప్పినవన్నీ వెతికాను.

రిపోర్టు దొరికింది. వెబ్‌సైట్‌లో పోలీసు విభాగం పేజీ కింద, చిన్న అక్షరాల్లో ఉంది. ఆ చాప్టర్ పేరు అందులో లేదు. గుర్తింపు ఉన్నవాటి జాబితాలో ఉంది. గ్రీక్ లైఫ్ ఆఫీసుకు ఫోన్ చేశాను. ఫోన్ ఎత్తినావిడ మర్యాదగా మాట్లాడారు. తనిఖీలు ఉంటాయన్నారు, కానీ రిజిస్టర్ చేసిన పార్టీలకే. విచారణ వేరే ఆఫీసు చేస్తుందట, అది కాస్త ధైర్యం ఇచ్చింది. "మా అబ్బాయి మీద ఏదైనా రిపోర్టు వస్తే మాకు చెప్తారా" అని అడిగితే, 18 దాటాయి కాబట్టి రికార్డు అతనిది, చెప్పలేం అన్నారు. ఇది నిజమేనా?

క్యాంపస్_ఉద్యోగి | జనవరి 26, రాత్రి 10:50

సగం నిజం. ఫెర్పా, అంటే విద్యార్థి రికార్డుల గోప్యత చట్టం ప్రకారం రికార్డు విద్యార్థిదే. కానీ 21 ఏళ్లలోపు పిల్లలు మందు, డ్రగ్స్ నియమం తప్పితే తల్లిదండ్రులకు చెప్పే వీలు యూనివర్సిటీకి ఉంది. చెప్పి తీరాలని లేదు, చెప్పొచ్చు. కొన్ని యూనివర్సిటీలు చెప్తాయి, కొన్ని చెప్పవు. "మీ పేరెంటల్ నోటిఫికేషన్ పాలసీ ఏమిటి" అని సరిగ్గా ఆ మాటతో మెయిల్ రాసి అడగండి. రాతలో జవాబు వస్తుంది.

ఇంకొకటి కూడా అడగండి. కొత్త సభ్యుల శిక్షణ ఎన్ని వారాలు, దాని షెడ్యూల్ ఆఫీసు దగ్గర ఉందా అని. చాలా చోట్ల ముందుగా ఇవ్వాలనే నియమం ఉంది. చాప్టర్ కూడా దాన్ని దాచాల్సిన పని లేదు.

కార్తీక్_జూనియర్ | జనవరి 26, రాత్రి 11:40

అంకుల్, మీరు కాకుండా మీ అబ్బాయినే అడగమనండి. వాళ్ల కొత్త సభ్యుల ఇన్‌ఛార్జ్‌ను నేరుగా అడగాలి: "షెడ్యూల్ పంపిస్తావా, మా ఇంట్లో చూపించాలి" అని. నన్ను ఎవరైనా అలా అడిగితే నేను అదే రోజు పంపుతాను. నిన్న మా కొత్త పిల్లలందరికీ పంపాను కూడా. ఆ రాత్రి నేను ఊపిరి చూస్తూ కూర్చున్నవాడితో మాట్లాడాను. మేం ఇద్దరం కలిసి ఆఫీసుకు వెళ్లి జరిగింది చెప్పాలని అనుకుంటున్నాం. చాప్టర్‌కు ఏమవుతుందో తెలియదు. భయంగా ఉంది.

విజయ_ఫిలడెల్ఫియా | జనవరి 27, ఉదయం 7:05

వెళ్లు బాబూ. వెళ్లేముందు మీ ఇంట్లో కూడా చెప్పు. నాకు ప్రైవేట్ మెసేజ్ పెట్టు, ఇలాంటి కేసులు తెలిసిన లాయర్ ఒకరితో మాట్లాడిస్తాను. ఒంటరిగా మాత్రం వెళ్లకు.

గుంటూరు_నాన్న | జనవరి 30, రాత్రి 9:20

ఇవాళే గడువు. జరిగింది చెప్పాలి కదా, మీరంతా ఇంత రాశాక.

ఈ చర్చ మొత్తం మావాడికి పంపాను. రెండు రోజులు జవాబు లేదు. బుధవారం రాత్రి ఫోన్ చేశాడు. కార్తీక్ రాసింది మూడుసార్లు చదివానన్నాడు. నిన్న షెడ్యూల్ అడిగాడట. "అది మెంబర్లకే, సంతకం పెట్టాక తెలుస్తుంది, నమ్మకం లేకపోతే ఎలా బ్రో" అన్నారట. ఆఫీసుకు ఇచ్చిన కాపీ ఉంటుందిగా, అదే చూపించమంటే నవ్వారట.

ఇవాళ సంతకం పెట్టలేదు. వద్దని నేను చెప్పలేదు, వాడే పెట్టలేదు. బాగా బాధపడుతున్నాడు. రూమ్మేట్ చేరాడు, వీడు ఒక్కడే మిగిలాడు. నేను రేపు ఉదయాన్నే బయల్దేరి వెళ్తున్నాను, ఐదు గంటల డ్రైవ్. వాళ్లమ్మ పులిహోర, చేగోడీలు కడుతోంది. రూమ్మేట్‌కు కూడా.

నల్గొండ_సుధ | జనవరి 30, రాత్రి 9:45

జాగ్రత్తగా వెళ్లిరండి అన్నయ్యా, రోడ్ల మీద మంచు ఉంటుంది. ఆ రూమ్మేట్ పిల్లాడి నంబర్ కూడా తీసుకోండి. మీ నంబర్ అతనికివ్వండి, ఏ రాత్రయినా ఫోన్ చేయొచ్చని చెప్పండి.

గుంటూరు_నాన్న | జనవరి 30, రాత్రి 9:51

ఇస్తానమ్మా. తప్పకుండా ఇస్తాను.